బొమ్మ రాకపోతే చదవాల్సిన మాట

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ, బడిలో దాని అవసరం ఎవరికీ పడలేదు. చేరిన మూడో రోజునే తొమ్మిదో తరగతి పిల్లలు స్లాష్ మేడమ్ అని పెట్టేశారు. ఎందుకంటారా? ఆ కంప్యూటర్ గది ముందు నుంచి ఒక్కసారి నడిచి వెళ్ళండి, మీకే తెలుస్తుంది. "స్లాష్ ఏదిరా? తెరిచావు సరే, మూసేదెవరు, మీ తాతా?" అని పైకప్పు ఎగిరిపోయేలా కేక. వెబ్ పేజీ రాసేటప్పుడు ప్రతి ట్యాగునీ తెరవాలి, పనయ్యాక ఓ ఏటవాలు గీత పెట్టి మూయాలి. ఆ గీతే స్లాష్. అది మర్చిపోతే, లావు అక్షరాలు ఒక మాటకి పెడదామనుకున్నది కాస్తా పేజీ చివరిదాకా లావెక్కిపోతుంది. కుళాయి తిప్పి కట్టేయకుండా బడికొచ్చినట్టు అనేది ఆవిడ.

అంతకు ముందు ఇరవై రెండేళ్ళు టైపు నేర్పింది. మందుల షాపు మీద ఒక పొడవాటి గది, పద్నాలుగు టైపు మిషన్లు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా టకటకటక. కింద షాపువాడు తలనొప్పి మాత్రలు తన సరుకులోంచే వేసుకునేవాడు. ఊళ్ళో సగం మంది ఉద్యోగాల దరఖాస్తులు ఆవిడ చేతి మీదుగానే వెళ్ళాయి. ముఖ్యంగా చిరునామాల దగ్గర ఆవిడ రాక్షసి. ఇంటి నంబరు, వీధి, పేట, ఊరు, పిన్‌కోడు, ఒక్కటి తక్కువైనా కాగితం లాగి చింపేసేది. "అరకొర చిరునామా రాసిన ఉత్తరం బావిలో వేసినట్టే" అనేది.

తర్వాత ఏం జరిగిందో మీకూ తెలుసు. జనం రావడం మానేశారు. పాత ఇనుము కొనేవాడు పద్నాలుగు మిషన్లనీ కాటా మీద పెట్టి తూచాడు. ఆ రోజు ఆవిడ ఏడవలేదు, కాటాలో మోసం ఉందేమోనని వాడి వేళ్ళ వంకే చూస్తూ కూర్చుంది. ఏడుపు వారం తర్వాత వచ్చింది, బట్టలు ఉతుకుతుంటే, ఏ కారణమూ లేకుండా. మొగుడు కంగారుపడి సబ్బు కంట్లో పడిందా అని అడిగాడు. ఆయన మిక్సీలు బాగుచేస్తాడు, మనుషుల రిపేరు అంతగా తెలియదు.

ఈ బడిలో ఉద్యోగం ఎలా వచ్చిందంటే, అదో తమాషా. హెడ్మాస్టారు "కంప్యూటర్ వచ్చా?" అని అడిగాడు. "కీబోర్డు వచ్చు" అంది. ఆయనకి రెంటికీ తేడా తెలియదు కాబట్టి మర్నాటి నుంచి రమ్మన్నాడు. ఏడాదికోసారి కొత్త కాగితం మీద సంతకం పెట్టించుకునే ఉద్యోగం. అలా నాలుగేళ్ళు నడిచింది.

మరి వెబ్ పేజీలు ఎలా నేర్చుకుందీ అంటే, పుస్తకం చూసి. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాడి దగ్గర కొంది. లావాటి పుస్తకమే, కాకపోతే నూట పన్నెండో పేజీ దగ్గర ఆగిపోయింది. తరవాతివన్నీ ఎవరో చింపేసి పొట్లాలు కట్టుకున్నట్టున్నారు. ఆ నూట పన్నెండో పేజీలో ఆఖరి వాక్యం ఇది: "బొమ్మ ఎక్కడుందో దాని చిరునామా రాసేటప్పుడు అన్నిటికన్నా ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది ఏమిటంటే". అంతే. ఏమిటో పొట్లాల్లో పోయింది.

పోతే పోయింది, చిరునామా గురించి ఆవిడకి ఇంకొకరు చెప్పాలా? ఆ వాక్యాన్ని తనే పూర్తి చేసేసుకుంది. అన్నిటికన్నా ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది ఏమిటంటే, చిరునామా పూర్తిగా రాయాలి! ఏ డ్రైవ్, ఆ డ్రైవ్‌లో ఏ ఫోల్డర్, అందులో ఏ ఫోల్డర్, బొమ్మ పేరు, ఆ పేరు చివర చుక్క పెట్టి రాసే తోక, అన్నీ. నాలుగేళ్ళుగా పిల్లల చేత అదే వల్లె వేయించింది. బొమ్మలు ఠంచనుగా వస్తూనే ఉన్నాయి. ఇంక అనుమానం ఎందుకొస్తుంది?

మొగుడు మాత్రం అప్పుడప్పుడూ గిల్లేవాడు. "సగం పుస్తకంతో పాఠాలు చెబుతున్నావు, ఎప్పుడో పట్టుబడతావు చూడు" అనేవాడు.

"మీరు బాగుచేసిన మిక్సీలు సగం తిరగనే తిరగవు. నేనేమన్నా అన్నానా?" అనేది ఆవిడ. అక్కడితో ఆ చర్చ ముగిసేది.

గది సంగతి చెప్పాలి. మెట్ల పైన, ఒకప్పుడు విరిగిన బెంచీలు పడేసిన గది. పదకొండు కంప్యూటర్లు. వాటిలో ఏడు లేస్తాయి, రెండు లేచి మళ్ళీ పడుకుంటాయి, మిగతా రెండూ అలంకారానికి. ఇంటర్నెట్ లేదు, అది హెడ్మాస్టారి గదిలోనే, ఆయన క్రికెట్ స్కోరు చూసుకోవడానికి. ముప్పై నలుగురు పిల్లలు. ఏడింటి ముందు ముగ్గురేసి కూర్చుంటే మిగతావాళ్ళు పొడుగు నోటుబుక్కుల్లో పెన్సిల్‌తో పేజీలు రాయాలి. ఆవిడ ఎర్ర పెన్సిల్ పట్టుకుని లేని స్లాష్‌లకి సున్నాలు చుట్టేది. సున్నా పడనివాళ్ళకే కంప్యూటర్ ముందు కుర్చీ.

ఆ ముప్పై నలుగురిలో ఒక పిల్లని గొణుగుడు అనేవాళ్ళు. నోట్లో నాలుక ఉందో లేదో అన్నట్టుండేది. ఏమడిగినా గడ్డం గుండెలకి ఆనించి ఏదో గొణిగేది, పక్కనున్నవాళ్ళు అనువాదం చేయాలి. "పైకి చెప్పవే, నేనేమన్నా కరుస్తానా?" అని మేడమ్ అరిచేది. అలా అరిస్తే ఎవరు మాత్రం పైకి చెబుతారు? అయినా ఆ పిల్ల నోటుబుక్కులో ఎర్ర సున్నా కనపడటం అరుదు. ఇంటికెళ్ళాక వాళ్ళమ్మ ఫోన్ లాక్కుని ఏవేవో చదివేదట.

సరే, అసలు కథకొద్దాం. ఒక సోమవారం హెడ్మాస్టారు ఆవిడని పిలిపించాడు. ఆయన పిలిస్తే కుర్చీ చూపించడు. కుర్చీ చూపించాడంటే ఏదో కొంప మునిగిందన్నమాట. చూపించాడు.

"చూడండి మేడమ్, వచ్చే ఏడాది నుంచి ఒక వీడియో పాఠాల కంపెనీ వస్తానంటోంది. వాళ్ళే తెర పెడతారు, పాఠం అదే నడుస్తుంది. మనిషక్కర్లేదు. మీ గది ఇస్తే చాలంట."

"మనిషి అక్కర్లేదా? పిల్లాడు స్లాష్ మర్చిపోతే తెర చూస్తుందా?"

"అవన్నీ నాకు తెలీదండీ. శనివారం బడి కమిటీ పెద్దాయన వస్తున్నారు, తల్లిదండ్రులూ వస్తారు. మీ పిల్లలు ఏం నేర్చుకున్నారో హాల్లో చూపించండి. ఆయనకి నచ్చితే మీరు, లేకపోతే కంపెనీ."

ఆవిడ మెట్లెక్కి గదిలోకొచ్చి కూర్చుంది. ఒకసారి మనిషి అక్కర్లేదనిపించుకుంది, మిషన్లతో పాటు. అప్పుడు నలభై ఆరేళ్ళు, ఇంకొకటి నేర్చుకునే ఓపిక ఉండింది. ఇప్పుడు యాభై ఒకటి. ఈసారి కాటా మీద పెట్టేది తననే. భయమేసింది. మామూలు భయం కాదు, ఏ మూలకెళ్ళినా వెంటపడే భయం. ఆ భయంలోంచే లేచి "ఒరేయ్, అందరూ ఇటు రండి!" అని కేకేసింది.

'మా బడి' అని ఒక వెబ్‌సైట్. ఇద్దరికో పేజీ. భవనం మీద ఒకటి, ఆటస్థలం మీద ఒకటి, లైబ్రరీ, హెడ్మాస్టారు, లెక్కల సార్, వాచ్‌మన్, అలా పదిహేడు. ప్రతి పేజీలో ఒక ఫొటో ఉండాలి. ఫొటోకి పూర్తి చిరునామా ఉండాలి. అన్ని కంప్యూటర్లలోనూ పేజీలూ ఫొటోలూ డి డ్రైవ్‌లో ఒకే ఫోల్డర్‌లో పెట్టించింది. ఇంకో నియమం, ఇది పుస్తకంలో నూట పదకొండో పేజీలోది: ప్రతి బొమ్మ వెనకాలా ఒక మాట రాసి పెట్టాలి. ఏ కారణం చేతనైనా బొమ్మ రాకపోతే, ఆ ఖాళీలో ఆ మాట కనిపిస్తుంది. కళ్ళు కనపడనివాళ్ళకి కంప్యూటర్ ఆ మాటే చదివి వినిపిస్తుంది. "బొమ్మ ఎప్పుడు మొహం చాటేస్తుందో తెలీదు, మాట మాత్రం మన చేతిలో ఉంటుంది" అని ఆ నియమం మీద ఆవిడకి మహా పట్టుదల.

పిల్లలు నోటుబుక్కుల్లో బుద్ధిగా రాశారు. "ఇది మా పాఠశాల భవనము." "వీరు మా ప్రధానోపాధ్యాయులు." ఆవిడ ఎర్ర పెన్సిల్‌తో టిక్కులు పెట్టింది. కంప్యూటర్లో కొట్టేటప్పుడు మాత్రం వెధవలకి ఒక గొప్ప సంగతి తట్టింది. బొమ్మ వచ్చినంతకాలం ఆ మాట ఎవరికీ కనపడదు! మేడమ్ తెర చూస్తుంది, బొమ్మ వచ్చిందా, అక్షరాలు లావెక్కకుండా ఉన్నాయా, అంతే. అంటే అక్కడ ఏం రాసినా అడిగే నాథుడు లేడు. ఒకడు మొదలుపెట్టాడు, పక్కవాడు చదివి కిసుక్కుమన్నాడు, వారం తిరిగేసరికి పదిహేడు పేజీలకీ అంటుకుంది. ఆవిడ వాళ్ళ ఉత్సాహం చూసి తెగ మురిసిపోయింది.

ఒక పేజీకి ముగ్గురు చేరిపోయారు, గొణుగుడుకి ఎవరూ జత మిగల్లేదు, కంప్యూటర్ గది పేజీ ఒక్కతే చేసింది. ఫొటోలో గది కన్నా మేడమ్ వీపే ఎక్కువుంది. ఎవడి కీబోర్డు మీదకో వంగి తప్పు వెతుకుతోంది.

"ఇంతకన్నా మంచిది దొరకలేదా? నా వీపెందుకే మధ్యలో?"

గొణుగుడు ఏదో గొణిగింది. పక్కవాడు "ఎప్పుడు తీసినా అదే వస్తోందంట మేడమ్" అని అనువదించాడు.

శనివారం పొద్దున్నే ఒకటో నంబరు కంప్యూటర్లో పదిహేడు పేజీలూ తెరిచి చూసుకుంది. ఒక్కో బొమ్మా నవనవలాడుతూ వచ్చింది. మొగుడు ఆ రోజు కొట్టు మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని హాల్లో మూడో వరసలో కూర్చున్నాడు. హెడ్మాస్టారు కబురు పంపాడు: ప్రొజెక్టర్ మెట్లెక్కించడం కుదరదు, పెన్ డ్రైవ్‌లో వేసి తీసుకురండి, నా ల్యాప్‌టాప్‌లో చూపిద్దాం. ఆవిడ మొత్తం ఫోల్డర్, ఫొటోలతో సహా వేసుకుని దిగింది. ఆ మెట్లు దిగేటప్పుడు ఆవిడకి ఒక్క అనుమానం కూడా రాలేదు చూడండి, అదీ ఆశ్చర్యం.

హాలు నిండింది, ముప్పై నలుగురు పిల్లలూ పక్క బెంచీల మీద సర్దుకున్నారు. కమిటీ పెద్దాయన ముందు వరసలో చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు, నవ్వితే పన్ను కట్టాల్సొస్తుందన్నట్టు. హెడ్మాస్టారు నాలుగు మాటలంటానని నాలుగు వందల మాటలు మాట్లాడి, మొదటి పేజీ తెరిచాడు.

పైన 'మా భవనం' అని శీర్షిక వచ్చింది. కింద బొమ్మ ఉండాల్సిన చోట ఒక ఖాళీ పెట్టె, మూలన చిరిగిన కాగితం గుర్తు. పాపం ఆ ల్యాప్‌టాప్ తప్పేమీ లేదు. పేజీలో రాసిన చిరునామా పట్టుకుని తన డి డ్రైవ్ తలుపు తట్టింది. అక్కడ ఆ ఫోల్డరే లేదు, అది పెన్ డ్రైవ్‌లో ఉంది. అందుకని పిల్లలు రాసిపెట్టిన మాటని, గోడంత తెర మీద, మూరెడు అక్షరాలతో చూపించింది.

"ఇది మా భవనం. వెనక గోడ పగులుకి సున్నం కొట్టి ఫొటో తీశాం. ఆ గోడ కింద నిలబడకండి."

హెడ్మాస్టారు "ఏదో చిన్న పొరపాటు" అంటూ గబగబా రెండో పేజీ నొక్కాడు.

"ఇది మా ఆటస్థలం. ఎడమ వైపు కమిటీ పెద్దాయన గారి కారు, కుడి వైపు ఆయన బావమరిది గారి కారు. మధ్యలో సందు దొరికితే మేము ఆడతాం."

వెనక నుంచి ఎవరో తండ్రి ఫక్కుమన్నాడు. మూడో పేజీ. "ఇది మా లైబ్రరీ తాళం. దాని వెనకాల లైబ్రరీ ఉందని పెద్దలు చెబుతారు." నాలుగో పేజీ. "ఈయన లెక్కల సార్. లెక్క ఈయనే ఇచ్చి, ఈయనే చేసి, మీకు రాలేదేమని మమ్మల్ని తిడతారు." ఐదోది మరుగుదొడ్ల ఫొటో. "బొమ్మ రాకపోవడమే మీకు మంచిది." ఇప్పటికి హాలు మొత్తం పొట్ట పట్టుకుంది. హెడ్మాస్టారు చెమట తుడుచుకుంటూ, ఎలాగైనా ఒక మంచి పేజీ దొరక్కపోతుందా అని తన పేజీనే తెరుచుకున్నాడు, కర్మ కాకపోతే.

"ఈయన మా హెడ్మాస్టారు. నవ్వుతున్నట్టు కనపడితే అది వేరే ఎవరిదో ఫొటో."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా, ఆయన మొహం వంకాయ రంగుకి తిరిగింది. "మేడమ్! ఇదేనా మీరు నేర్పింది?" అన్నాడు.

స్లాష్ మేడమ్ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. అయిపోయింది, తూచేశారు అనుకుంది. పిల్లల్ని చంపేద్దామనిపించింది, వాళ్ళు రాసినదానికి నవ్వూ వచ్చింది. ఆయన మాత్రం ఆగకుండా నొక్కుతూనే ఉన్నాడు. ఆఖరి పేజీ వచ్చింది. కంప్యూటర్ గది.

బొమ్మ వచ్చింది. పదిహేడింటిలో అదొక్కటే. తెర నిండా ఆవిడ వీపు, పక్కన ఎవడిదో బుర్ర, అంచున ఎర్ర పెన్సిల్. హాల్లో నవ్వులు సద్దుమణిగాయి.

పెద్దాయన మొదటిసారి నోరు విప్పాడు. "అన్నీ రాలేదు, ఇదొక్కటే ఎందుకొచ్చింది?"

"ల్యాప్‌టాప్‌లో ఏదో లోపం సార్" అన్నాడు హెడ్మాస్టారు. మేడమ్‌కి దేవుడిచ్చిన దారి అది. అవునండీ అంటే చాలు, నింద ల్యాప్‌టాప్ నెత్తిన పోతుంది. మూడో వరసలో మొగుడు కూడా అనెయ్, అనెయ్ అన్నట్టు తలాడిస్తున్నాడు.

ఆవిడకి నోరు రాలేదు. నాలుగేళ్ళు పిల్లల చేత తప్పు ఒప్పించిన నోరు, ఈ ఒక్క అబద్ధానికి తిరగలేదు. "లోపం దానిలో లేదండీ, నాలో ఉంది" అంది. "నా పుస్తకం సగమే. బొమ్మకి చిరునామా ఎలా రాయాలో ఉన్న పేజీ దగ్గరే చిరిగిపోయింది. పూర్తి చిరునామా రాయమని నేనే చెప్పాను, తప్పు చెప్పినట్టున్నాను. ఏది ఒప్పో నాకు తెలీదు. ఈ పేజీ చేసిన పిల్లకి తెలుసు."

ముప్పై మూడు తలలు గొణుగుడు వైపు తిరిగాయి. ఆ పిల్ల బెంచీలోకి కుంగిపోయింది. మేడమ్ మామూలుగానైతే అరిచేదే. ఇప్పుడు అరవలేదు. "రామ్మా. నాకు చెప్పు, నాకు తెలీదు" అంది.

ఆ మాట పని చేసింది. గొణుగుడు లేచింది, ల్యాప్‌టాప్ దాకా నడిచింది. గడ్డం గుండెల మీదే ఉంది గానీ గొంతు మాత్రం బయటికొచ్చింది. "పక్క గదిలో ఉన్న అక్కని పిలవాలంటే ఊరి పేరు, వీధి పేరు అరుస్తామా మేడమ్? అక్కా అంటాం. బొమ్మ పేజీ పక్కనే ఉంటుంది. పేరు పెట్టి పిలిస్తే చాలు. ఊరి పేరుతో పిలిస్తే, ఇల్లు మారినప్పుడు పాత ఇంటికెళ్ళి వెతుకుతుంది." అని, హెడ్మాస్టారి పేజీ లోపలికెళ్ళి చిరునామాలో ముందున్న డ్రైవ్, ఫోల్డర్ ముక్కలు చెరిపేసి సేవ్ చేసింది. హెడ్మాస్టారి ఫొటో టక్కున వచ్చింది. నిజంగానే నవ్వడం లేదు.

మేడమ్ ముందు వరసలో ఖాళీ కుర్చీలో కూలబడి, చేతిసంచిలోంచి చిన్న నోటుబుక్కు తీసి, చిరునామాలో డ్రైవ్ రాయకూడదు అని రాసుకుంది.

పెద్దాయన కర్ర నేలకేసి కొట్టాడు. "ఆ గోడ పగులు నిజమేనా?" అన్నాడు హెడ్మాస్టారితో. హెడ్మాస్టారు మళ్ళీ చెమట తుడుచుకున్నాడు. "సోమవారం మేస్త్రీని పిలిపించండి. లైబ్రరీ తాళం తీయండి. కారు సంగతి..." అని కర్ర చేయి మార్చుకున్నాడు. "మా బావమరిదికి నేను చెప్తాను."

"మరి కంపెనీ వాళ్ళు..."

"వాళ్ళ వీడియోలు నా కారు గురించి చెబుతాయా? చెప్పవు. వచ్చే ఏడాది చూద్దాం. ఈవిడకి కాగితం రాయండి. రెండో సగం ఉన్న పుస్తకం కూడా కొనిపెట్టండి."

ఆవిడకి ఏం వినపడిందో ఏమో, తలూపింది. మొగుడు మూడో వరసలో లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, ఒక్కడే, మిక్సీ తిరిగినంత జోరుగా.

జనం వెళ్ళిపోయాక మేడమ్ మెట్లెక్కి గదిలోకొచ్చింది. ఒకటో నంబరు కంప్యూటర్ ముందు కూర్చుని పదహారు పేజీల్లో వెధవలు రాసినవన్నీ వరసగా చదివి, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుకుంది. అప్పుడు గుర్తొచ్చింది. పదిహేడో పేజీలో బొమ్మ వచ్చింది కాబట్టి, దాని వెనక మాట ఎవరూ చూడలేదు. గొణుగుడు పేజీ లోపలికెళ్ళి ఆ వాక్యం వెతికింది.

"ఇది మా స్లాష్ మేడమ్. మా తప్పు దొరికేదాకా నడుం ఎత్తదు. మేడమ్ తప్పు నాకు పోయిన నెలలోనే దొరికింది. చెప్పలేదు. చెబితే ఆవిడ ఈ గదిలోంచి వెళ్ళిపోతుందేమోనని."

ఈసారి సబ్బు కంట్లో పడిందా అని అడగడానికి పక్కన ఎవరూ లేరు. ముక్కు చీదుకుని, మళ్ళీ ఒకసారి చదివింది, మొదటి నుంచి ఆఖరి దాకా. ఆఖర్న కళ్ళు ఆగిపోయాయి. వాక్యం అయింది, బొమ్మ ట్యాగు అయిపోయింది, మూసే చోట గీత లేదు.

ఒక్క ఉదుటున లేచి వరండాలోకి పరుగెత్తింది. కింద గేటు దగ్గర ఆ పిల్ల వాళ్ళమ్మ చేయి పట్టుకుని వెళ్తోంది.

"ఒసేయ్! స్లాష్ ఏదే?"

గొణుగుడు వెనక్కి తిరిగింది. గడ్డం పైకెత్తింది. వీధి వీధంతా వినపడేలా అరిచింది:

"బొమ్మ వచ్చిందిగా మేడమ్!"